మేనత్త కోటు జేబు

రెండువేల పందొమ్మిదవ సంవత్సరం జూలై నెల పదకొండవ తేదీ, గురువారం, ఉదయం పదిగంటల ఇరవై నిమిషాలకు, తెల్లవారినది మొదలు కురుస్తున్న తుంపర అప్పుడే వెలిసి, గాలి మాత్రం దుకాణాల రేకుతలుపులను టపటప కొట్టిస్తూ ఉండగా, పొట్టిగా, దిట్టంగా, నలభైయేండ్లకు అటూ ఇటూగా ఉన్న ఒక స్త్రీ గొడుగు ముడిచి, గుమ్మం బయట మూడుసార్లు దులిపి, దర్జీ దుకాణంలో అడుగుపెట్టింది. గాలిలో తడి ఉన్ననాడు ఉన్నిగుడ్డమీద సుద్దగీత నిలువదు. అందుచేత దర్జీ ఆ పూటంతా ఎవరినో ఒకరిని కసరుకొనడానికి సిద్ధంగా ఉన్నాడు. వచ్చినది ఎవరో తెలిసినంతనే ఆ కసురునకు తగిన మనిషి దొరికినట్లయినది.

ఆ దర్జీని వీధివీధంతా ‘ఒక్కకొలత మావయ్య’ అంటుంది. అరవైయొక్క ఏండ్ల మనిషి. మెడలో టేపు లేకుండా ఆయనను చూచినవారు లేరు. ఆ టేపును ఒకే మనిషిమీద రెండవసారి వేయగా చూచినవారు అంతకంటె లేరు. ఎవరి కొలతనైనా జన్మకు ఒక్కమారే తీసి, ఎర్రగుడ్డ అట్ట వేసిన కొలతల పుస్తకంలో ఒక పుట కేటాయించి, ఆ పుటను చూచియే చొక్కాలు, కోట్లు కుట్టడం ఆయన నియమం. పదేండ్ల తరువాత వచ్చిన మనిషి, “కాస్త ఒళ్ళు చేశాను మావయ్యా, మళ్ళీ కొలవకూడదూ?” అని నసిగితే, “నా పుస్తకం ఒళ్ళు చెయ్యలేదు. నువ్వే తగ్గు” అని పంపివేసేవాడు. నాలుగు జానల పాటి వెడల్పున్న కటింగు బల్ల, రెండు మిషన్లు, దారపు ఉండల పైన అరలో ఒక చిన్న టీవీ, వెలుతురు పడే కిటికీ ప్రక్కన ఇల్లాలు కూర్చొని కాజాలు కుట్టే ఎత్తుపీట: ఇదే ఆయన రాజ్యం. ఆ ఇల్లాలు మాట తక్కువ మనిషి. నోట ఎప్పుడూ రెండు గుండుసూదులు ఉండడం అందుకొక కారణం.

ఈ దుకాణం పెట్టకముందు ఆయన ఒక టీవీ స్టూడియోలో దుస్తుల విభాగంలో తొమ్మిదేండ్లు పనిచేసినాడు. ‘నాలుగో వాటా’ అనే హాస్య ధారావాహిక నడిచిన తొమ్మిదేండ్లే అవి. ఒక ఇంటిలో నాలుగు వాటాలు, మూడింటిలో అద్దెకున్న కుటుంబాలు, నాలుగవదానిలో ఇంటి యజమాని అక్కగారు. ఆమెను అందరూ మేనత్త అంటారు. వాటాల మధ్య తగవు ముదిరి పాకాన పడేసరికి మేనత్త ఆకుపచ్చ ఉన్నికోటుతో మెట్లు దిగి వచ్చి, ఎడమప్రక్కకు కూజా వంచినట్లు ఒరిగి, నాలుక కొసను పెదవి మూల బయటపెట్టి, కోటుజేబులో చేయి దూర్చి, ఆ తగవుకు మందువంటి వస్తువు నొకదానిని, స్క్రూడ్రైవరో, గరిటెయో, పోయినదనుకొన్న తాళంచెవియో, బయటకు తీసేది. ఆ ఒరగడం చూచి జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. ఆ కోటు కుట్టినది తాను. లోకంలో తనకున్న గొప్ప అంతా ఆ కోటే అని మావయ్య నమ్మకం.

ధారావాహిక ఆగిపోయి పదిహేనేండ్లయినది. దానిని మళ్ళీ మొదలుపెడుతున్నారనీ, ఇల్లు అదే, పాట అదే, యజమానిగా పాత నటుడే అనీ, మేనత్తగా మాత్రం వేరొక ఆమె వస్తున్నదనీ తెలిసిననాడు వీధి భగ్గుమన్నది. రిటైరైన టీచరమ్మ అభ్యంతరపత్రం వ్రాసి సంతకాలకు దర్జీ బల్లమీద పెట్టింది. మొదటి సంతకం మావయ్యది. సంతకం క్రింద, టీచరమ్మ చెప్పగా, ‘మేనత్త కోటు కుట్టిన దర్జీ’ అని కూడా వ్రాసినాడు. రెండవ సంతకం ప్రక్కకొట్టు ఇస్త్రీ బావది. ఇల్లాలిని అడిగితే నోటిలోని గుండుసూదులు చూపించి తల అడ్డంగా ఊపింది.

ఇంతలో పాతకోటును చిమ్మటలు తినివేసినవనీ, అటువంటిదే కొత్తనటికి కుట్టవలెననీ కంపెనీనుండి కబురు వచ్చింది. పని వద్దనడానికి మావయ్యకు నోరు రాలేదు. వేరొకడు కుడితే ఓర్చుకొనగలడా?

“నమస్కారం మాస్టారూ. ‘నాలుగో వాటా’ వాళ్ళు పంపించారు” అన్నది వచ్చినామె.

“తెలుసు. రండి.”

“హమ్మయ్య! పొద్దుట్నుంచి నన్ను రమ్మన్న మొదటి మనిషి మీరే. బస్సులో ఒకాయన గుర్తుపట్టి దిగిపొమ్మన్నాడు.”

గుమ్మంలో నిలిచిన ఇస్త్రీ బావ ఆమెను ఎగాదిగా చూచి, “ఈవిడేనా బావా?” అన్నాడు, ఆమె అక్కడ లేనట్లు.

“ఈవిడే” అన్నాడు మావయ్య.

“మన మేనత్త భుజం దాకా కూడా లేదే!”

“భుజాలెక్కి వస్తే సరిపోతుందా అన్నయ్యా?” అన్నదామె. ఎవరూ నవ్వలేదు.

బల్లమీది కాగితం ఆమె కంటబడింది. మావయ్య దానిపై గుడ్డ లాగేలోపల ఆమె చేతిలోకి తీసుకొని బిగ్గరగా చదివింది: “‘ఆ స్థానమున వేరొక స్త్రీని చూచుట మా కన్నులకు శిక్ష. అర్హత లేనివారిని ప్రేక్షకులపై రుద్దుట...’ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఎవరండీ రాసింది?”

“నేను” అన్నది మూలకుర్చీలోని టీచరమ్మ, కళ్ళజోడు సవరించుకొంటూ. “ముప్ఫై మూడేళ్ళు పాఠాలు చెప్పాను.”

“అర్హత లేదన్నారు. నన్నింకా చూడలేదుగా టీచరుగారూ?”

“నిన్ను చూడక్కర్లేదమ్మా. ఆవిణ్ణి చూశాం.”

“ఆవిడ ఇప్పుడు చెయ్యనంటే?”

“చెయ్యనంటే మానెయ్యాలి. అంతేగాని సందు దొరికిందని ఎవరుపడితే వాళ్ళు దూరిపోవడమేనా? పెద్దంతరం చిన్నంతరం ఉండొద్దూ!”

ఆమె కాగితాన్ని ఎక్కడిది అక్కడ పెట్టి, పెన్ను కాగితంమీద సరిగా అమర్చి, చేతులు రెండూ ప్రక్కలకు చాచి నిలుచున్నది. “కొలవండి మాస్టారూ. శిక్షకి కూడా కొలతలుంటాయిగా.”

మావయ్య ముఖం గంటుపెట్టుకొని టేపు వేసినాడు. ఆయన చెప్పుతూ ఉంటే ఇల్లాలు క్రొత్తపుటలో వ్రాసింది. ఎత్తు అయిదడుగులు తక్కువ ఒక అంగుళం. ఛాతీ ముప్ఫై ఎనిమిది. చేయి ఇరవైన్నర. భుజంనుండి జేబునోటికి ఇరవై. ఆ ఇరవై అంకెను ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. మొదటిసారి గొంతులోనే మ్రింగినాడు.

ఆమె వెళ్ళుతూ, “ట్రయలు ఎప్పుడు?” అని అడిగింది.

“నా కోటుకి ట్రయలుండదు.”

“అంత నమ్మకమా?”

“ఒక్క కొలత. ఒక్క కోటు” అన్నాడు మావయ్య.

మరునాడు గుడ్డ పరచి, సుద్ద పట్టి, రెండు పుటలు ఎదురుగా పెట్టుకొన్నాడు. ఒకటి ఆ పొట్టిమనిషిది. రెండవది ‘మేనత్త’ అని తలకట్టు వ్రాసిన పాతపుట. మెడ, భుజం, ఛాతీ, పొడవు, చేయి అన్నీ క్రొత్తపుట ప్రకారమే గీసినాడు. దర్జీతనంలో ఒకరిచేత తప్పు పట్టనిచ్చేటంత వెర్రివాడు కాడు. జేబు దగ్గరకు వచ్చేసరికి సుద్ద ఆగింది. క్రొత్తపుట ఇరవై అన్నది. పాతపుట ఇరవైనాలుగు అన్నది. మావయ్య, ‘కోటు ఈవిడదైతే కావచ్చు. జేబు మాత్రం మేనత్తది’ అని తనలో తాను అనుకొని, ఇరవైనాలుగు దగ్గర గీత గీసినాడు. ఆ గీత ఒక్కటే ఆనాడు గుడ్డమీద చక్కగా పడింది.

నాలుగు వారాల భాగాలు మూడు రోజులలో చిత్రీకరించినారు. ఆగస్టు మూడవ తేదీ, శనివారం, సాయంత్రం ఏడుగంటలకు మొదటి భాగం ప్రసారమైనది. దుకాణంలోని చిన్నటీవీ ముందు వీధిలో సగంమంది చేరినారు. పాట రాగానే చప్పట్లు. యజమాని కనబడగానే ఈలలు. మెట్లమీద ఆకుపచ్చ కోటు కనబడగానే ఎవరో స్విచ్చి నొక్కినట్లు అందరి నోళ్ళూ మూతపడినవి.

తెరమీద ఆమె మెట్లు దిగి వచ్చి, తగవులాడుకొనేవారిని రెండు మాటలని, జేబులో చేయి పెట్టింది. వ్రేళ్ళ కొసలు మాత్రమే దూరినవి. ఎడమకు ఒరిగింది. చాలలేదు. ఇంకా ఒరిగింది. కాలు తడబడి మెట్ల కమ్మి పట్టుకొన్నది. గరిటె జేబు అంచుదాకా వచ్చి క్రింద పడింది. దానిని వంగి తీసి ఇచ్చినది గాని, ఆలోపల తగవులాడేవారు చెప్పవలసిన మాట చెప్పివేసి ఊరకొన్నారు.

“చీ!” అన్నాడు ఇస్త్రీ బావ. “మన మేనత్తని వెక్కిరిస్తోంది బావా! ఆ ఒరగడం చూశావా, కల్లు తాగిన కోతిలాగ!”

“వెక్కిరించడం కూడా రాలేదు” అన్నది టీచరమ్మ. “అనుకరణకైనా అభ్యాసం కావాలి.”

“జేబులో చెయ్యి పెట్టడం చేతకానిది జనాన్నేం నవ్విస్తుందండీ?” అన్నది మందులషాపు ఆవిడ.

ఫోనులలో అప్పుడే నిప్పులు కురుస్తున్నవి. ఇస్త్రీ బావ ఒక్కొక్కటే చదివి వినిపించినాడు. “‘మా చిన్నతనాన్ని తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేశారు.’ ‘కోటుకి మనిషిని తగిలించారు.’ ‘ఈవిణ్ణి తీసేసి ఆ కోటొక్కదాన్నే మెట్ల మీంచి వదలండి, ఇంతకంటే బాగా చేస్తుంది.’ హహ్హ! ఇదెవడో గానీ గట్టివాడు.”

అందరూ నవ్వినారు. మావయ్య కూడా నవ్వబోయి, కిటికీవైపు చూచి ఆగినాడు. ఇల్లాలు నోటిలోని గుండుసూదులు ఒక్కొక్కటే తీసి దిండులో గుచ్చుతున్నది. ముప్ఫైయారేండ్ల కాపురంలో ఆమె అట్లు చేయగా ఆయన నాలుగైదుసార్లకంటె ఎక్కువ చూడలేదు. చూచిన ప్రతిసారి ఫలితం అనుభవించినాడు.

జనం వెళ్ళిపోయిన తరువాత ఆమె అడిగింది. “ఎంతలో పెట్టారు జేబు?”

“ఎంతలో పెట్టాలో అంతలో.”

“ఇరవై అని మీ నోటితో చెప్పారు. నా చేత్తో రాశాను. అది ఇరవై కాదు. ఇరవైమూడో, ఇరవైనాలుగో.”

“టీవీలో చూసి అంగుళాలు చెప్పేస్తావా?”

“కాజాలు కుట్టీ కుట్టీ కళ్ళు పోయాయిగాని లెక్క పోలేదు. రెండో గుండీకి సమంగా ఉండాల్సిన జేబు నాలుగో గుండీ కింద వేలాడుతుంటే కనపడదా?”

“ఆ జేబు ఎక్కడుండాలో జనానికి తెలుసు. తొమ్మిదేళ్ళు చూశారు.”

“జనం జేబులో చెయ్యి పెట్టరండీ. ఆ పిల్ల పెడుతుంది.” ఆమె దీపం ఆర్పి, గొంతు తగ్గించి అన్నది: “ఆవిణ్ణి తిట్టాలంటే టీచరమ్మలా కాగితం మీద తిట్టండి. కత్తెరతో తిట్టకండి. నా కాజాలున్నాయి దాని మీద.”

మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకు ఆ నటి కోటు మడతపెట్టి చంకన పెట్టుకొని వచ్చింది. ఈమారు నమస్కారం లేదు.

“మాస్టారూ, ఈ కోటు ఎవరికి కుట్టారు?”

“మేనత్తకి.”

“నా కొలతలు తీసుకున్నారుగా?”

“తీసుకున్నాను. నేను కుట్టింది పాత్రకి.”

“పాత్రకి చేతులుండవు మాస్టారూ, నాకుంటాయి!” కోటు బల్లమీద విసరికొట్టింది. “షూటింగులో మొదటిరోజే చెప్పాను, జేబు అందట్లేదని. డైరెక్టరేమన్నాడో తెలుసా? ‘పాత కోటు కుట్టినాయనే కుట్టాడు, నీకే రావట్లేదు, సాధన చెయ్యి’ అన్నాడు. రాత్రంతా అద్దం ముందు ఒరిగి ఒరిగి నడుం పట్టేసింది. నాకే చేతకాదేమో అనుకున్నాను. నిన్న టేపు తెచ్చి కొలిస్తే ఇరవైనాలుగు! ఎంత పగయ్యా మీకు? నేనేం చేశాను? మీ మేనత్త పీక పిసికి వచ్చానా?”

మాట తట్టనప్పుడు అందరూ చేసే పనినే మావయ్య చేసినాడు, గొంతు పెంచినాడు. “అరవకు! ఇది దుకాణం. ఆవిడకి సరిపోయిన జేబు నీకు సరిపోలేదంటే తప్పు జేబుది కాదు.”

“పదమూడో వారంలో నన్ను ఉంచాలో తీసెయ్యాలో తేలుస్తారు. ఈ నాలుగు వారాలూ ఇట్లాగే వస్తాయి. తీసేశాక మీరొచ్చి చెప్తారా, తప్పు ఎవరిదో?”

“నేనెందుకు చెప్తాను?”

“చెప్పరు. మీ మొహం చూస్తేనే తెలుస్తోంది.”

అప్పటికే ఇల్లాలు పీట దిగి వచ్చి, కోటు తీసుకొని, జేబు కుట్టు విప్పడం మొదలుపెట్టింది. “ముట్టుకోకు!” అన్నాడు మావయ్య. ఆమె తల ఎత్తలేదు. “కూర్చో అమ్మాయ్. అరగంట” అన్నది నటితో. పాతకుట్టు పోయినచోట ఉన్నిగుడ్డమీద సూదిబెజ్జాల వరుస సన్నని మచ్చవలె మిగిలింది. ఇస్త్రీ బావను పిలిచి ఆవిరి పట్టమంటే, “ఆ కోటు నేను ముట్టను వదినా” అని తన కొట్టు తలుపు దగ్గరగా వేసుకొన్నాడు. ఆమే పెట్టె అందుకొని ఇస్త్రీ చేసింది. మచ్చ పోలేదు.

నటి కోటు తొడుగుకొని జేబులో చేయి పెట్టింది. మణికట్టు దాటి పోయింది. వెళ్ళేటప్పుడు ఇల్లాలి చేయి పట్టుకొని, మావయ్యవైపు చూడకుండానే దిగిపోయింది.

మరి మూడు వారాలు పాత జేబుతోనే గడిచినవి. తిట్లు తగ్గలేదు. అయిదవ వారం, ఆగస్టు ముప్ఫైయొకటవ తేదీ శనివారం, సవరించిన కోటుతో ఆమె తెరమీదికి వచ్చింది. నిటారుగా నిలుచుండి, ఎవరివైపూ చూడకుండా, తన సొంతింటి సొరుగు తెరచినట్లు జేబులోనుండి స్క్రూడ్రైవరు తీసి, తగవులాడేవారి చేతిలో పెట్టింది. ఇల్లాలు ఫక్కున నవ్వింది. నవ్విన మనిషి ఆమె ఒక్కతే.

“ఒరగలేదేం?” అన్నాడు ఇస్త్రీ బావ. “బావా! ఒరగలేదు!”

“అదే నేనూ చూస్తున్నాను” అన్నది టీచరమ్మ. “మేనత్త అంటేనే ఆ ఒరుగు. ఒరగని మేనత్త ఏం మేనత్త?”

“మొన్న ఒరిగితే వెక్కిరించిందన్నారుగా?” అన్నది ఇల్లాలు.

“అప్పుడు వెక్కిరించింది. ఇప్పుడు ఎగ్గొట్టింది.”

“పైగా జేబు దగ్గర ఏదో అతుకులా ఉంది చూశారూ? పాత కోటుకి మాసికేసి తగిలించారు” అన్నది మందులషాపు ఆవిడ.

ఫోనులలో ఆ వారం ఒకటే గోల: ఒరుగు ఏది, మా ఒరుగు మాకిచ్చివేయండి. టీచరమ్మ పత్రంలో మరియొక పేరా చేర్చింది. సంతకాలు రెండువందల పన్నెండయినవి. “పాత మేనత్తగారి సంతకం ఒక్కటి పడితే దీనికి తిరుగుండదు టైలరుగారూ. మీకు తెలిసినావిడే గదా” అన్నది. మావయ్యకు ఆ మాట తేనెలో ముంచినట్లు తోచింది. తన జేబును మార్చి ఇల్లాలు చేసిన ద్రోహానికి లోకమంతా సాక్ష్యం చెప్పుచున్నదని ఆయన ఉబ్బితబ్బిబ్బవుతున్నాడు. పాతనటి కూడా ఒక మాట అంటే ఇల్లాలి నోటికి గుండుసూదులు శాశ్వతంగా చేరుతవి.

మరునాడు ఆదివారం ఉదయం తొమ్మిదింటికి రెండు బస్సులు మారి, పాతనటి ఉండే మేడకు వెళ్ళి, లిఫ్టు పనిచేయనందున మూడంతస్తులు ఎక్కి, ఆయాసపడుతూ తలుపు తట్టినాడు. డెబ్బైరెండేండ్ల పాతనటి ప్లాస్టిక్ తొట్టిలో వేడినీళ్ళు పోసుకొని, ఎడమకాలు అందులో పెట్టుకొని కూర్చొని ఉన్నది. గదిలో ఆమె ఫోటో ఒక్కటీ లేదు. టీవీమీద ఉతికిన తువ్వాళ్ళు ఆరవేసి ఉన్నవి.

“ఎవరూ? నువ్వట్రా తమ్ముడూ? ముసలాడివైపోయావే!”

“అక్కయ్యగారూ, మిమ్మల్ని అవమానం చేశారని వీధి వీధంతా...”

“ఎవరు చేశారు?”

“మిమ్మల్ని తీసేసి ఆ పొట్టిదాన్ని పెట్టారు కదండీ.”

“తీసెయ్యలేదురా. నేనే పోవయ్యా అన్నాను. తొమ్మిదేళ్ళు చేసింది చాలు.”

మావయ్య కాగితం విప్పి, ఒరుగును గూర్చిన పేరా చదివి వినిపించినాడు. ఆమె వింటూ వింటూ తొట్టిలోనుండి కాలు బయటికి తీసి, తువ్వాలుతో తుడుచుకొంటూ, ఆయన ముఖం తేరిపార చూచింది.

“ఒరుగు కావాలా వాళ్ళకి? ఈ మోకాలు చూడు. ఈ తుంటి చూడు. తొమ్మిదేళ్ళు ఒకే పక్కకి ఒరిగితే డాక్టరు ఏమన్నాడో తెలుసా? ‘ఏం మోసేవారమ్మా మీరు?’ అన్నాడు. ఎందుకు ఒరిగాననుకున్నావు?”

“పాత్ర కోసం...”

“నీ తలకాయ కోసం! చెయ్యి అందక. ఆ జేబు నాకెప్పుడు అందింది?”

“అందకపోవడమేమిటండీ? మీ కొలతకి కుట్టిందే...”

“నా కొలతా? నన్ను నువ్వెప్పుడు కొలిచావురా?”

మావయ్య చేయి మెడలోని టేపుమీదికి పోయింది.

“ఆ వేషానికి నాకంటే ముందు ఒకావిణ్ణి తీసుకున్నారు. తాటిచెట్టులా ఉండేది. రెండు భాగాలు చేసి, ప్రసారం కాకముందే ఏదో గొడవపడి వెళ్ళిపోయింది. ఆవిడకి మీ పెద్దమేస్త్రీ కుట్టిన కోటు అది. నన్ను తీసుకొచ్చి తొడుక్కోమన్నారు. పొడుగు కత్తిరించారు, చేతులు మడిచారు. జేబు సంగతి ఎవడికి పట్టింది? ఆ మర్నాడు నువ్వు చేరావు. నేను భోజనానికి పోతే కోటు బల్ల మీద పరిచి టేపు వేసుకుంటున్నావు. చూసి, కొత్తవాడు పని నేర్చుకుంటున్నాడులే అనుకున్నాను. ఆ తర్వాత తొమ్మిదేళ్ళల్లో ఆరు కోట్లు కుట్టావు. ఆరూ అట్లాగే ఏడ్చాయి.”

“ఒక్కమాట చెప్పొచ్చుగదండీ!”

“మూడో కోటప్పుడు చెప్పాను. ‘నేను రెండోసారి కొలవను’ అన్నావు. మొదటిసారి ఎప్పుడు కొలిచావని అడగాల్సింది. అప్పటికే జనం ఆ ఒరగడానికి నవ్వుతున్నారు, నేనూ ఊరుకున్నాను.” ఆమె కాగితం ఇటు నెట్టివేసింది. “నన్ను మొదటి మేనత్త అని రాశారే ఇందులో! నేనూ ఒకరి కోటులో దూరినదాన్నే. అప్పుడు ఎవరికీ తెలియలేదు గనక ఎవరూ తిట్టలేదు, అంతే. ఇదీ నా సంతకం అని చెప్పు ఆ టీచరమ్మకి. పో, తలుపు దగ్గరికి లాగిపో.”

మూడంతస్తులు దిగడానికి మావయ్యకు ఎక్కడానికి పట్టినంతసేపు పట్టింది. దుకాణానికి వచ్చి, ఎర్రపుస్తకం తీసి పాతపుట చూచినాడు. మెడ, భుజం, పొడవు, జేబు అన్నీ ఉన్నవి. మనిషికే ఉండి కోటుకు ఉండని కొలతలు, ఛాతీ చుట్టు శ్వాస పీల్చినప్పుడు, విడిచినప్పుడు, మోచేయి మడిచినప్పుడు, ఆ పుటలో లేవు. మిగిలిన ప్రతి పుటలోనూ ఉన్నవి. ఆరు పాతకోట్లకూ ఒక క్రొత్తకోటుకూ ఆ పుటను చూచి గుడ్డ కోసిన కన్ను ఆ ఖాళీని ఏనాడూ చూడలేదు.

ఇల్లాలు ప్రక్కకు వచ్చి చూచింది. చూచినది అర్థమయినంతనే పీటమీదికి వెళ్ళి కూర్చొన్నది. దెప్పిపొడిచి ఉంటే ఆయనకు కొంత తేలికయ్యేది.

సాయంత్రం టీచరమ్మ ఇంటికి వెళ్ళి తన సంతకం కొట్టివేయమని అడిగినాడు.

“ఎందుకు?”

“జేబు తప్పు నాది. ఆ అమ్మాయిది కాదు.”

“జేబు సంగతి మాకెందుకండీ? మా అభ్యంతరం మనిషి మీద.”

“నేను కోటు కుట్టిన దర్జీనని రాసి ఉంది. దాని విలువ వేరు.”

“అందుకే ఉంచుతున్నాను” అన్నది టీచరమ్మ, కాగితాన్ని కవరులో దోపుతూ. “మీరు ఒక్కసారే కొలుస్తారు. నేనూ ఒక్కసారే సంతకం పెట్టించుకుంటాను.”

ఆమె ఆ మాటను పరిహాసానికి అనలేదు. కవరు మరునాటి ఉదయం తపాలాలో పడింది. మావయ్య తానుగా ఒక ఉత్తరం వ్రాసి, జేబును గూర్చి ఉన్నదున్నట్లు చెప్పి, కొలతలతో సహా కంపెనీకి పంపినాడు. పన్నెండు రోజులకు అచ్చువేసిన కార్డు వచ్చింది: ‘మా కార్యక్రమంపై మీకు గల అభిమానానికి కృతజ్ఞతలు.’ స్వయంగా వెళ్ళితే, మేనత్త విషయమై వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే సంచిలో వేస్తున్నామనీ, విప్పడంలేదనీ గేటు దగ్గరి మనిషి చెప్పినాడు. విప్పిన ఉత్తరం ఒక్కటే. అది రెండువందల పన్నెండు సంతకాలది. టీచరమ్మ దాని నకలును పత్రికకు కూడా పంపి ఉండడం అందుకు కారణం.

అటుపిమ్మట వారి సంగతులివి.

పదమూడవ వారం తరువాత ఆ నటిని తొలగించినారు. ‘కోటు కుట్టిన దర్జీయే కాదన్నాడు’ అని పత్రికలో పెద్ద అక్షరాలతో పడింది. ఆమె మళ్ళీ దుకాణానికి రాలేదు. ఇప్పుడు రైళ్ళలో రాబోయే స్టేషను పేరు చెప్పేది ఆమె గొంతే. ఇస్త్రీ బావ వారానికి రెండుసార్లు ఆ రైలు ఎక్కుతాడు.

మూడవ మేనత్తగా ఒక పొడుగుపాటి ఆమె వచ్చింది. ఆ కోటు వేరెవరో కుట్టినారు. రెండవ వారానికే, ‘ఈవిడకంటే ఆ పొట్టావిడే నయం, జేబులోంచి సొరుగు తెరిచినట్టు తీసేది’ అని జనం వ్రాసినారు. ఇరవైయారవ వారానికి ధారావాహిక ఆగిపోయింది. టీచరమ్మ దానిని గూర్చి ఒక అభ్యంతరపత్రం వ్రాసింది. అందులో మావయ్య సంతకం లేదు.

పాతనటి తుంటికి శస్త్రచికిత్స జరిగింది. కర్రతో నడుస్తున్నది.

ఇల్లాలు ఎత్తుపీటను కటింగు బల్ల దగ్గరకు జరుపుకొన్నది. కొలతలన్నీ ఇప్పుడు ఆమె తీస్తుంది, వచ్చిన ప్రతిసారి తీస్తుంది, ఆయన కోస్తాడు. ఎర్రపుస్తకంలో ‘మేనత్త’ అనే తలకట్టు కొట్టివేయబడి, దాని ప్రక్కన ఆమె చేతివ్రాతతో, ‘ఇవి మనిషి కొలతలు కావు’ అని ఉన్నది. వీధి మాత్రం ఆయనను నేటికీ ఒక్కకొలత మావయ్య అనే పిలుస్తున్నది.